పత్రికాయన సినిమా మా హాల్లో ఆడిన మూడు రోజులు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. టికెట్ల గది అద్దం ఒకటి. మెట్ల దగ్గర పోస్టర్లు పెట్టే గాజు పెట్టెలు రెండు. ఫస్ట్ క్లాసులో కుర్చీలు పదకొండు. వాటిలో నాలుగింటికి వీపులే విరిగాయి, బాగుచేయిస్తే పనికొచ్చేవి. మిగతా ఏడూ పాత ఇనుముకే. తెర మీద మూరెడు చీలిక. క్యాంటీన్లో ఫ్రిజ్ తలుపు. మా గేటు మనిషి ముందు పన్ను. అది కట్టుడు పన్నే, అయినా పోయింది పోయిందే. ఇవన్నీ ఒక ఆదివారం మధ్యాహ్నం పోయినవి. ఆ తరువాత మెల్లగా పోయినవి వేరే ఉన్నాయి. వారం వారం ఇంటిల్లిపాదీ వచ్చే కుటుంబాలు కొన్ని, మా షావుకారు గారికి సినిమా మీద ఉన్న ఆశ, తొమ్మిది మంది ఉద్యోగాలు, చివరికి హాలు. ఆ తొమ్మిదిలో ఒకటి నాది. యాభై రెండేళ్ళకే రిటైరయ్యానని నలుగురిలో చెప్పుకుంటాను గాని, నిజానికి రిటైరయింది హాలు. నేను దాని వెంట బయటికొచ్చాను.

ఇది చదివే చిన్నవాళ్ళలో రేపు ఒక హాలు నడిపేవాళ్ళు ఉండకపోవచ్చు. హాళ్ళే ఉండకపోవచ్చు. కాని ఒక బడో, ఒక పేపరో, కనీసం నూరు మంది ఉన్న ఒక ఫోన్ గ్రూపో నడిపేవాళ్ళు ఉంటారు. ఎవరి మాట వినపడనివ్వాలి, ఎవరి మాట ఆపాలి అనే పని ఏదో ఒక రోజు మీ చేతికి వస్తుంది. అది ఎంత చిన్నదిగా వస్తుందో చెప్పడానికే రాస్తున్నాను. మాకు ఏడు సెకన్లుగా వచ్చింది.

నేను నరసరావుపేటలో ఆ హాలుకు మొదట సైకిల్ స్టాండు మనిషిగా వెళ్ళాను. చదువు తొమ్మిదితో ఆగింది. స్టాండులో సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు లెక్కపెట్టి లోపల జనం ఎంతో సుమారుగా చెప్పేవాణ్ణి. అది చూసి టికెట్ల గదిలో కూర్చోబెట్టారు. తరువాత కలెక్షన్ల లెక్కలు ఇచ్చారు. పాత మేనేజరు పోయాక ఆ కుర్చీ ఇచ్చారు. అంతకంటే నా గురించి చెప్పడానికి ఏమీ లేదు.

చెప్పాల్సింది పత్రికాయన గురించి. ఈ ఊరివాడే. పేరు రాయను. అరవై దాటినవాళ్ళకు రాయనక్కర్లేదు, చిన్నవాళ్ళకు రాసినా తెలియదు. స్టేషన్ వైపు ఒక సందులో కాలితో తొక్కే ప్రెస్సు పెట్టుకుని వారానికొకసారి నాలుగు పేజీల పత్రిక వేసేవాడు. బస్టాండులో దాన్ని వేరే పేపరు మడతలో పెట్టి అమ్మేవాళ్ళు, కొన్నవాళ్ళు అదే మడతలో ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు. మిర్చి కాటాల్లో మోసం, ఆఫీసుల్లో చేతులు మారే డబ్బు, గుడి కమిటీ పద్దులు, చర్చి కమిటీ తగాదాలు, అన్నీ అందులో ఉండేవి. చివరి పేజీలో పెద్దమనుషులు దాచుకుని చూసే బొమ్మలు ఉండేవి. ఆయన్ను చాలాసార్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో అన్ని పార్టీల వాళ్ళూ, అన్ని వీధుల వాళ్ళూ ఉన్నారు. ఆ విషయంలో ఊరంతా ఒక్కమాట మీద ఉండేది.

ఆయన్ను దేవుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. రాసినదాంట్లో నిజమెంతో అబద్ధమెంతో నేను తూచలేను. ఒక్క అబద్ధం మాత్రం నాకు తెలుసు. పెద్దాసుపత్రిలో పనిచేసే ఒక నర్సు గురించి రాయకూడని రాత రాశాడు. అది అబద్ధమని తేలాక కూడా సవరణ వెయ్యలేదు. ఆమె బదిలీ పెట్టుకుని మాచర్ల వెళ్ళిపోయింది, మళ్ళీ ఈ ఊళ్ళో బస్సు దిగలేదు. ఆమె మా హాల్లో సినిమా వేసే ఆపరేటర్‌కి సొంత అక్క.

చివరికి ఆయన్ను పడగొట్టింది ఒక కాంట్రాక్టరు వేసిన పరువునష్టం కేసు. తప్పయిందని పత్రికలో నాలుగు వాక్యాలు వేస్తే కేసు తీసేసుకుంటామన్నారు. ఆయన వెయ్యలేదు. జైలుకు వెళ్ళాడు. ప్రెస్సు మూతపడింది, ఇల్లు తాకట్టులోకి పోయింది, కూతురు పరీక్ష ఫీజు కట్టలేక ఒక ఏడాది ఇంట్లో కూర్చుంది. ఆ నాలుగు వాక్యాలు ఎందుకు వెయ్యలేదో ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పకుండానే పోయాడు.

కరోనా తరువాత హాళ్ళు మళ్ళీ తెరిచిన రోజుల్లో హైదరాబాదు నుంచి కొందరు కుర్రవాళ్ళు ఆయన జీవితం మీద సినిమా తీశారు. పెద్ద నటులు లేరు, పాటలు లేవు. ఆ వారం పెద్ద సినిమా ఏదీ లేదు. షావుకారు గారు ఒప్పుకున్నారు. ఆయనకు పప్పు మిల్లు ఉంది, ఎరువుల కొట్టు ఉంది, హాలు మాత్రం తండ్రి కట్టింది కాబట్టి ఉంచుకున్నారు.

"మనూరి కథ మనూళ్ళో ఆడకపోతే ఇంకెక్కడ ఆడుద్దయ్యా?" అన్నారు నాతో.

గురువారం మధ్యాహ్నం ఖాళీ హాల్లో ఒకసారి వేసి చూశాం. షావుకారు గారు, నేను, గేటు మనిషి కింద. ఆపరేటర్ పైన తన గదిలో. అతన్ని నేను మామా అనేవాణ్ణి. చుట్టరికం లేదు, పాతికేళ్ళ పక్క పక్క పని. సినిమా బాగానే ఉంది. నర్సు సంగతి దాచలేదు, ఉన్నది ఉన్నట్టు చూపించారు. ఆ ముక్క వస్తుంటే నేను వెనక్కి తిరిగి పైన కిటికీ వైపు చూశాను. మామ మొహం కనపడలేదు, వెలుగొక్కటే కనపడింది.

విశ్రాంతికి కొంచెం ముందు ఒక ముక్క ఉంది. పత్రికాయన తలకు కట్టు కట్టుకుని ప్రెస్సు పక్కన బల్ల మీద కూర్చుని ఉంటాడు. స్నేహితుడు, ఎవరు కొట్టారని అడుగుతాడు. పత్రికాయన నవ్వి ఒక మాట అంటాడు. ఆ మాటలో ఒక కులం పేరుంది.

షావుకారు గారు కుర్చీలోంచి లేచి చెయ్యెత్తారు. సినిమా ఆగింది.

"ఆ మాట తీసెయ్యండి."

మామ కిందికొచ్చాడు. "తియ్యడానికి రీలా బాబుగారూ? రీలయితే కత్తిరించి అతికించేవాణ్ణి. ఇది కంప్యూటర్లో ఉంటది. మనం వేలు పెట్టడానికి లేదు."

"సెన్సారు వాళ్ళు చూసి వదిలిందే గదండీ," అన్నాను నేను.

"సెన్సారు వాళ్ళు నరసరావుపేటలో ఉంటారా?" అన్నారాయన. "రేపు అద్దాలు పగిలితే వాళ్ళొచ్చి వేయిస్తారా? ఆ ముక్కొచ్చినప్పుడు సౌండు తగ్గించండి. ఎంతసేపుంటది?"

మళ్ళీ వేసి చూశాం. నేను గడియారం పట్టుకున్నాను. ఏడు సెకన్లు.

"ఏడు సెకన్లకేముందయ్యా, మిషను రిపేరనుకుంటారు," అన్నారు షావుకారు గారు.

నాకూ అలాగే అనిపించింది. రెండు గంటల పైన సినిమాలో ఏడు సెకన్లు. వెయ్యిలో ఒక పాలు కూడా కాదు. మామకు మాత్రం మింగుడు పడలేదు. షావుకారు గారు వెళ్ళాక మెట్ల మీద కూర్చుని అన్నాడు:

"అల్లుడా, మా అక్క మీద రాసినప్పుడు నేను కత్తి తీసుకుని ఆ ప్రెస్సు దాకా పోయినా. తెలుసు గదా నీకు?"

"తెలుసు మామా."

"మా అక్కే అడ్డం పడింది. వాణ్ణి పొడిస్తే వాడు రాసింది నిజమనుకుంటార్రా అంది. అంత కోపంలో కూడా నేను వాడి నోరు ముయ్యలేదు. ఇప్పుడు చచ్చినోడి నోరు ముయ్యడానికి నా చెయ్యే దొరికిందా?"

"ఏడు సెకన్లే గదా మామా."

"పీక పిసకడానికి అంతకంటే ఎక్కువ పడుద్దా ఏంది?" అని లేచి పైకి వెళ్ళిపోయాడు. కాని జీతం తీసుకునేవాడు. శుక్రవారం చెప్పినట్టే చేశాడు.

శుక్రవారం నాలుగు ఆటల్లోనూ ఆ ముక్క రాగానే హాలు మొత్తం సౌండ్, సౌండ్ అని అరిచింది. తెర మీద ఆయన పెదాలు కదులుతుంటాయి, కట్టు కట్టిన తల వెనక్కి వంచి నవ్వుతుంటాడు, మాట వినపడదు. సౌండు వచ్చేసరికి స్నేహితుడు కూడా నవ్వుతుంటాడు. మిషను రిపేరని ఎవరూ అనుకోలేదు. మామూలుగా సౌండు పోతే ఎక్కడ పడితే అక్కడ పోతుంది, నాలుగు ఆటల్లోనూ ఒకేచోట పోదు. ఆ సంగతి చిన్నపిల్లవాడికైనా తెలుస్తుందని లెక్కలు తెలిసిన నాకు ముందు తట్టలేదు.

సాయంత్రానికి క్యాంటీన్ దగ్గర వినపడుతూనే ఉంది.

"ఏమన్నాడంట్రా?"

"మనోళ్ళ ఆడోళ్ళను అన్నాడంట. అందుకే మూసేశారు."

"కాదురా, దేవుణ్ణి అన్నాడంట. మా బావ పెదాలు చూసి చెప్పాడు."

"మీ బావకు అద్దాలేసుకున్నా బస్సు బోర్డు కనపడదు, పెదాలు కనపడినయ్యా?"

నవ్వుకున్నారు. నేనూ నవ్వుకున్నాను. శనివారం పొద్దునకు ఆ ముక్కను ఎవరో ఫోన్లో పట్టి పంపారు. ఏడు సెకన్లు, పెదాలు కదలడం, నవ్వు, అంతే. గురజాల వైపు ఒక గ్రూపులో ఒక కులం పేరు పెట్టి తిరిగింది, సత్తెనపల్లి వైపు ఇంకో కులం పేరు పెట్టి తిరిగింది, ఊళ్ళో ఒక మతం పేరు పెట్టి తిరిగింది. బొమ్మ ఒకటే. మాట లేదు కాబట్టి ఎవరి మాట వాళ్ళు రాసుకున్నారు.

శనివారం ఒక్కరోజే మూడు జట్లు నా గదికి వచ్చాయి. మొదట వచ్చినవాళ్ళు పెద్దవాళ్ళు. తమ కులాన్ని తిట్టాడని వాళ్ళకు రూఢిగా తెలుసు. రెండో జట్టుకు తమ దేవుణ్ణి తిట్టాడని తెలుసు. మూడో జట్టు ఒక పార్టీ కుర్రవాళ్ళు. వాళ్ళ నాయకుడి తండ్రిని ఏదో అన్నాడట. అందరికీ కాఫీ ఇప్పించాను. అక్కడ ఉన్న మాట ఇదండీ అని చెప్పబోతే మూడు జట్లూ ఒకటే అడిగాయి: "అదే అయితే ఎందుకు మూశారు?"

 గొడవ అవుతుందని మూశామంటే, చూశారా గొడవయ్యే మాటే గదా అంటారు. ఎటు నుంచి వేసినా కూడిక తప్పే వచ్చేది. నిజానికి ఆ మాటలో ఉన్నది పత్రికాయన సొంత కులం పేరు. ఆ కులంవాళ్ళు ఒక్కరూ రాలేదు.

సాయంత్రం షావుకారు గారి దగ్గరికి మిల్లుకు వెళ్ళి చెప్పాను. "ఫస్ట్ షో నుంచి సౌండు పెట్టేద్దామండి. విన్నాక వాళ్ళే ఊరుకుంటారు."

ఆయన కందులు చేతిలోకి తీసుకుని చూశారు. "ఇప్పుడు పెడితే నిన్న మూసింది తప్పని ఒప్పుకున్నట్టు గదయ్యా," అన్నారు. "రేపొక్క రోజు. సోమవారం నుంచి వేరే సినిమా తెద్దాం. ఎస్సై గారికి ఫోన్ చేసి చెప్పా, మనుషుల్ని పంపుతానన్నారు."

ఆయన చెడ్డవారు కాదు. నష్టం వస్తుందనుకున్నప్పుడు కొంచెం సరుకు వదులుకుని మిగతాది కాపాడుకోవడం వ్యాపారంలో నేర్చుకున్నారు. మిల్లులో అది పనిచేస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆటకు టికెట్లు ఇచ్చే మనిషి రాలేదు, నేనే కూర్చున్నాను. ఎండగా ఉంది. ఎస్సై గారు పంపుతానన్న మనుషులు ఇంకా రాలేదు. గేటు బయట చెట్టు కింద ముప్పై మంది దాకా కుర్రవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళలో పద్నాలుగు మంది లోపలికి టికెట్లు కొనుక్కున్నారు. వాళ్ళ వెనక ఒక ఆమె వచ్చింది. అరవై దగ్గర ఉంటాయి, నూలు చీర, చేతిలో గొడుగు.

"బాల్కనీ ఒకటి," అంది. టికెట్ తీసుకుని కదలలేదు. "మేనేజర్ గారు ఎవరండీ?"

"నేనేనమ్మా."

"నేను ఆయన కూతుర్ని." ఎవరి కూతురో చెప్పలేదు, పోస్టర్ వైపు చూసింది. "ముప్పాళ్ళ దగ్గర బళ్ళో టీచరుగా చేసి మొన్ననే దిగిపోయా. పొద్దున బయల్దేరి వచ్చా."

 టికెట్ డబ్బు వెనక్కి ఇవ్వబోయాను.

"వద్దు, డబ్బుంచండి. మా నాన్న పత్రిక ఎవరికీ ఊరికే ఇవ్వలేదు. రెండో సగంలో కోర్టు ఉందా?"

"ఉందమ్మా."

"ఆ నాలుగు వాక్యాలు ఎందుకు వెయ్యలేదో చెప్పారా? మా అమ్మ అడిగింది, చెప్పలేదు. నేను అడిగా, చెప్పలేదు. వీళ్ళెవరో ఆయనతో పనిచేసినోళ్ళందర్నీ తిరిగి అడిగి తీశారంట గదా. వాళ్ళకన్నా తెలిసిందేమోనని వచ్చా."

నేను నోరు తెరవబోయేసరికి గొడుగు ఎత్తింది. "చెప్పబాకండి. నేను చూస్తా. ఈ ఊళ్ళో నన్ను తలెత్తుకోనియ్యని జనం మధ్యన కూర్చునే చూస్తా."

బయట సంగతి చెప్పి, రేపు పొద్దున ఆటకు రమ్మని అందామనుకున్నాను. రేపు ఈ సినిమా ఉండదు. అందుకని గేటు మనిషిని పిలిచి ఆమెను బాల్కనీలో తలుపు పక్క కుర్చీలో కూర్చోబెట్టమన్నాను.

ఆ ఆటకు అమ్మిన టికెట్లు అరవై ఒకటి. మొదటి గంట నిశ్శబ్దంగానే సాగింది. నర్సు సంగతి వచ్చినప్పుడు ఎవరో ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది. తరువాత తల కట్టు ముక్క వచ్చింది. పెదాలు కదిలాయి. మాట రాలేదు.

ఈసారి సౌండ్ అని ఎవరూ అరవలేదు. ముందు వరసల్లో పద్నాలుగు మందీ ఒకేసారి లేచారు. గేటు తోసుకుని బయటివాళ్ళు లోపలికి వచ్చారు. అడ్డం నిలబడ్డ గేటు మనిషి పన్ను అప్పుడే పోయింది. మామ సినిమా ఆపి లైట్లు వేశాడు. నేను తెర కిందికి వెళ్ళి మైకు పట్టుకున్నాను.

వాళ్ళకు ముందు నిలబడిన కుర్రవాడు నాకు తెలిసినవాడే. ట్రాక్టర్ సామాన్ల కొట్టు ఉంది. చిన్నప్పుడు మా స్టాండులో సైకిల్ పెట్టేవాడు.

"అన్నా, నువ్వు పక్కకు జరుగు. నీతో మాకేం లేదు."

"ఏమన్నాడని వచ్చార్రా మీరు?" అన్నాను.

"ఏమన్నాడో నీకు తెలీదా? మా నోటితో చెప్పిస్తావా?"

"నాకు తెలుసు. మీకే తెలీదు. ఒక్కసారి వినండి, తరువాత మీ ఇష్టం."

పైన కిటికీలోంచి మామ తల బయటపెట్టాడు. "అల్లుడా, వెయ్యమంటావా?"

షావుకారు గారి మాట దాటితే ఉద్యోగం ఉండదని నాకు తెలుసు, మామకూ తెలుసు. బాల్కనీ వైపు చూశాను. ఆమె కుర్చీలోంచి లేవలేదు, రెండు చేతులూ గొడుగు మీద పెట్టుకుని ముందుకు వంగి చూస్తోంది.

"వెయ్యి మామా," అన్నాను.

లైట్లు ఆరలేదు. ఆ వెలుగులోనే బొమ్మ పల్చగా కనపడింది. స్నేహితుడు అడిగాడు. పత్రికాయన నవ్వాడు. మామ సౌండు ఎంత పెట్టాడంటే గోడలు అదిరాయి.

"ముందు కొట్టింది మా కులపోళ్ళేరా. మిగతా ఊరంతా పాపం వాళ్ళ వెనక వరసలో నిలబడింది."

అంతే. 'మా' తరువాత ఆ కులం పేరుంది, ఇక్కడ రాయలేదు. ఇదే ఆ ఏడు సెకన్లు.

హాలు ఒక్క క్షణం చల్లబడింది. వెనక ఎవరో పెద్దాయన నవ్వాడు, ఆపుకోలేక ఇంకొకరు నవ్వారు. ట్రాక్టర్ సామాన్ల కుర్రవాడి మొహంలో కూడా ఏదో కదిలింది. అయిపోయిందనుకున్నాను. నా ఉద్యోగ జీవితం మొత్తం మీద నేను వేసిన పెద్ద తప్పు అంచనా అది.

"ఇది కాదు," అన్నాడు అతని పక్కవాడు. "ఇది రాత్రికి రాత్రి మార్చి పెట్టారు. ఇంత చిన్న మాటకు ఎవడన్నా సౌండు తీసేస్తాడా?"

"అదే గదా. ఇంత చిన్న మాటకు ఎందుకు తీస్తారు?"

"మమ్మల్ని ఎర్రోళ్ళను చేస్తన్నారు."

మొదటి కుర్చీ అప్పుడు విరిగింది.

లెక్కలో ఒక గడి ఖాళీగా వదిలితే దాని విలువ సున్నా అనుకుంటాం. మనుషుల మధ్య అలా ఉండదు. ఖాళీ గడిలో చూసేవాడు తన మనసులో ఉన్న అంకె వేసుకుంటాడు. ఒకసారి వేసుకున్నాక అసలు అంకె తెచ్చి చూపించినా అది చిన్నదిగా కనపడుతుంది, దొంగదిగా కనపడుతుంది. ఇది నాకు ఏ లెక్కల పుస్తకంలోనూ దొరకలేదు. పదకొండు కుర్చీలు విరిగే సమయంలో తెలిసింది.

ఎస్సై గారు లోపలికొచ్చేసరికి తెర కూడా చీలింది. కుర్రవాళ్ళను బయటికి పంపి నా దగ్గరికొచ్చారు.

"ఆపెయ్యవయ్యా, ఇంక చాలు."

"ఇంకా సగం ఉందండి. వాళ్ళు వెళ్ళారు గదా, ఉన్నవాళ్ళకు వేస్తాం."

"సగం చూశారు గదా. సగానికే ఇంత జరిగింది. మిగతా సగానికి నేను మనుషుల్ని ఎక్కడి నుంచి తెచ్చేది?"

అది కోపంగా అనలేదు. అలసిపోయి అన్నారు. ఆయనకు ఆ రోజు ఇంకో ఊళ్ళో తిరునాళ్ళ బందోబస్తు కూడా ఉంది.

మా హాల్లో ఒక పద్ధతి ఉండేది. మిషను చెడిపోయి ఆట మధ్యలో ఆగితే, గేటు దగ్గర చించి ఇచ్చిన సగం టికెట్ వెనక హాలు ముద్ర వేసి ఇచ్చేవాళ్ళం. కావాలంటే డబ్బు వెనక్కి, వద్దంటే ఆ ముక్క చూపించి అదే సినిమా మరొక ఆటలో చూడొచ్చు. పాత మేనేజరు పెట్టిన పద్ధతి. ముక్క చేతిలో ఉన్నంతకాలం హాలు బాకీ ఉన్నట్టే అనేవాడాయన. నేను మెట్ల దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాను. చాలామంది డబ్బు తీసుకుని త్వరగా వెళ్ళిపోయారు. ఆమె చివర వచ్చింది.

"ఆ మాట ఎందుకు మూశారు?"

"గొడవ అవుద్దనమ్మా."

"మా నాన్న ఇంట్లో ఆ మాట వందసార్లు అన్నాడు. కట్టు మారుస్తా మా అమ్మ తిట్టేది, ఆయన ఇదే అని నవ్వేవాడు." చేతిలో ముక్క వైపు చూసుకుంది. "బతికున్నప్పుడు మాట్లాడితే కొట్టారు. ఇప్పుడు మాట్లాడకపోతే కొడతన్నారు."

డబ్బు బల్ల మీద పెట్టాను. ఆమె తీసుకోలేదు, ముక్క ముందుకు జరిపింది. ముద్ర వేశాను. అప్పటికి మామ కిందికొచ్చి పక్కన నిలబడ్డాడు. అతనెవరో నేను చెప్పలేదు. అతనే చెప్పాడు.

"అమ్మా, ఆ నర్సు మా అక్కండి."

ఆమె అతని మొహంలోకి చూసింది. "ఆ సవరణ కూడా వెయ్యలేదు మా నాన్న," అంది. "అదీ అడిగా. దానికీ చెప్పలేదు." తరువాత చేతులు జోడించింది. మామ కూడా జోడించాడు. ఆయన తరఫున ఆమె క్షమాపణ అడిగిందని నేను రాయలేను, అతను క్షమించాడనీ రాయలేను. నేను చూసింది అంతవరకే. ఆమె గొడుగు విప్పుకుని ఎండలోకి వెళ్ళిపోయింది.

సోమవారం వేరే సినిమా వచ్చింది. షావుకారు గారు నన్ను తీసెయ్యలేదు. "ఆ మాట మొదట్లోనే పెట్టి ఉంటే పోయేదేమో గదయ్యా," అని ఒక్కసారి అన్నారు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కుర్చీలు వేయించారు గాని తెర అతుకుతోనే నడిపాం. ఆ తరువాత ఏ సినిమా తేవాలన్నా ముందు ఆయన అడిగేది, అందులో ఎవర్నన్నా ఏమన్నా అన్నారా అని. అలా అడుగుతూ పోతే ఆడించడానికి మిగిలేవి తక్కువ. జనం కూడా తగ్గారు. ఏడాదిన్నరకు హాలు మూసి ఫంక్షన్ హాలు చేశారు. తెర ఉన్న గోడకు ఇప్పుడు పూల మండపం కడుతున్నారు. మామ మాచర్లలో అక్క దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ గొడవ జరిగిన వారంలోనే లోపలికి వచ్చిన పద్నాలుగు మందిలో ఒకడు ముక్క తీసుకుని వచ్చాడు, డబ్బు కావాలని. చేతికి గాజు గీసుకున్న కట్టుంది. ఇచ్చాను. టికెట్ కొన్నవాడు కొన్నవాడే. ట్రాక్టర్ సామాన్ల కుర్రవాడు ఇంకా ఆలస్యంగా, హాలు మూసే రోజుల్లో వచ్చాడు. బయట బండి మీద కూర్చునే అడిగాడు.

"అన్నా, ఆ తర్వాత ఏమయిందన్నా కథలో?"

"డబ్బు కావాలా, కథ కావాలా?"

"డబ్బొద్దులే. ఆయన కోర్టులో సారీ చెప్పాడా లేదా?"

"ముక్క జాగ్రత్తగా ఉంచుకో," అన్నాను. సిగ్గుపడినట్టు నవ్వి బండి తీశాడు.

నాకు ఆ రెండో సగం తెలుసు. గురువారం చూశాను. ఆ నాలుగు వాక్యాలు ఎందుకు వెయ్యలేదో సినిమా తీసినవాళ్ళకు తెలిసింది, చూపించారు. ఇక్కడ రాయను. ఆమెకంటే ముందు మీకు చెప్పడం న్యాయం కాదు.

ఈ మధ్య సత్తెనపల్లి బస్టాండులో ఆమె కనపడింది. నేనే వెళ్ళి పలకరించాను. సినిమా ఇప్పుడు ఫోన్లోనే ఉందని, నా ఫోన్లో ఇప్పుడే పెట్టి చూపిస్తానని చెప్పాను.

"తెలుసు. మా మనవరాలు చెప్పింది," అంది. "ఎక్కడ నొక్కాలో కూడా చూపించింది. నేను నొక్కలేదు."

"ఎందుకమ్మా?"

"గదిలో తలుపేసుకుని చూడటానికయితే మా నాన్న పత్రిక కూడా అందరూ అట్టాగే చదివారు. మళ్ళీ అదే ఎందుకు? మీరు ముద్ర వేసిచ్చారు గదా. హాల్లో పదిమంది మధ్యన వేసినప్పుడు చెప్పండి, వస్తా."

హాలు లేదని ఆమెకు తెలుసు. అయినా ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. బస్సు వచ్చింది, ఎక్కింది. నేను నిలబడి లెక్క వేసుకున్నాను. ఆ ఆటకు అమ్మినవి అరవై ఒకటి. ఆ మధ్యాహ్నం డబ్బు తీసుకున్నవాళ్ళు ఇరవై తొమ్మిది మంది. ఆ వారంలో ఆరుగురు. హాలు మూసేటప్పుడు గేటుకు బోర్డు కడితే వచ్చినవాళ్ళు ఏడుగురు. మిగిలినవాళ్ళలో వెనక నవ్విన పెద్దాయన నిరుడు పోయాడని విన్నాను. లెక్కలోంచి ఆయన్ను తీసెయ్యలేదు, ముక్క ఇంట్లో ఎవరి దగ్గరో ఉండే ఉంటుంది.

మేము ఇంకా చూపించాల్సిన రెండో సగాలు పంతొమ్మిది.